తుంగభద్రకు ఇరుగట్లు: రజాకార్ల కాలం మిగిల్చిన పాఠం

ఆదోని నుంచి ఉత్తరంగా సాగే రైలు మార్గం కోసిగి దాటి తుంగభద్రా నదిని చేరుతుంది. వంతెన దాటితే రాయచూరు సీమ. మద్రాసు, బొంబాయి నగరాలను కలిపే ఈ మార్గంలో నేడు ప్రయాణించేవారికి ఈ గట్టు ఆంధ్రప్రదేశ్, ఆ గట్టు కర్ణాటక అన్న భేదం తప్ప మరేమీ తోచదు. కాని 1948లో ఆ నది రెండు ప్రభుత్వాల మధ్య సరిహద్దు. దక్షిణ గట్టున ఆదోని తాలూకా ఉన్న బళ్లారి జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిది. ఉత్తర గట్టున ఉన్న రాయచూరు జిల్లా నిజాం నవాబు ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానంలోనిది. ఇరుగట్ల ప్రజలు ఒకే సంతలకు వెళ్లేవారు; కన్నడం, తెలుగు, ఉర్దూ కలగలిపి మాట్లాడేవారు; ఒకే దర్గాలకూ జాతరలకూ పోయేవారు. ముస్లిం కుటుంబాలకు ఇరువైపులా బంధుత్వాలుండేవి.

అయినా ఆ ఒక్క సంవత్సరంలో ఇరుగట్ల ముస్లిముల గతి వేరువేరుగా నడిచింది. ఉత్తర గట్టున ఒక సాయుధ దళం ముస్లిముల రక్షణ పేరిట తలెత్తి, ముందుగా ప్రభుత్వాన్ని లోబరచుకొని, తర్వాత తన మతస్థుల నోళ్లనే మూయించి, చివరకు లక్షలాది నిరపరాధులను ఆపదలోకి నెట్టింది. దక్షిణ దేశపు ముస్లిములు అదే కాలంలో, జనాభాలో అంతకంటె తక్కువ వాటాతో, చట్టసభల మార్గాన్ని ఎంచుకొన్నారు. ప్రజాపాలనకు హింసావాదం చేసే హాని ఎలాంటిదో, అది మొదట ఎవరిని కాటేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ తెలుగు ముస్లిములకు మరొకటి లేదు.

కోట నీడన

ఆయుధబలం మీద నిలిచిన అధికారం ఎంతకాలం మన్నుతుందో ఆదోని కొండలకు తెలుసు. విజయనగర రాజుల ముఖ్య దుర్గాల్లో ఒకటైన ఆదోని, 1565 నాటి తళ్లికోట యుద్ధం తర్వాత కొద్ది ఏళ్లకే బిజాపూరు ఆదిల్‌షాహీల చేతికి వచ్చింది. ఆ వంశం తరఫున పదిహేడవ శతాబ్దిలో ఇక్కడ పాలించిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికీ పట్టణానికి అలంకారంగా నిలిచి ఉంది. తుంగభద్ర ఒడ్డున రాఘవేంద్రస్వామి మఠానికి మంచాల గ్రామాన్ని, అంటే నేటి మంత్రాలయాన్ని, దానం చేసినది కూడా ఈ మసూద్ ఖానేనని ఆ ప్రాంతపు జనశ్రుతి.

1686లో బిజాపూరు పతనమైన తర్వాత ఔరంగజేబు సేనలు ఆదోనిని ముట్టడించాయి. కోట లొంగకపోవడంతో మొగలు సేనాని తన ఫిరంగులను జామియా మసీదు వైపు తిప్పించాడనీ, తాను ప్రాణప్రదంగా కట్టించుకొన్న మసీదు కూలిపోవడం చూడలేక మసూద్ ఖాన్ కోటను అప్పగించాడనీ స్థానికంగా చెప్పుకొంటారు. ఈ కథలోని ప్రతి అక్షరమూ నిజమో కాదో అటుంచితే, ముట్టడించినదీ ముస్లిం సేన, ముట్టడికి గురైనదీ ముస్లిం పాలకుడు అన్న మాట మాత్రం చరిత్ర. నూరేళ్ల తర్వాత, 1786లో, మైసూరు టిప్పూ సుల్తాన్ ఇదే కోటను ముట్టడించి పట్టుకొన్నప్పుడు దానిని కాపాడుకొంటున్నది నిజాం సోదరుడైన బసాలత్ జంగ్ కుటుంబం. అధికారం కోసం కత్తి దూసినవారు ఎదుటివారి మతాన్ని చూసి ఆగలేదు. బస్తీలోని సామాన్యుడు ఏ జెండా ఎగిరినా పన్ను కట్టాడు, ఏ సేన వచ్చినా ధాన్యం పోగొట్టుకొన్నాడు.

1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. అప్పటికి ఈ సీమ నిండా పాళెగాండ్రు ఉండేవారు. ప్రతివానికి ఒక చిన్న కోట, వెంట బంట్లు. ఊరి రక్షణ పేరిట కావలి పన్ను వసూలు చేయడం, కట్టని ఊరిని కొల్లగొట్టడం వారి పరిపాటి. రక్షణ పేరు చెప్పి ఆయుధం పట్టినవాడు చివరకు తాను కాపాడతానన్న ఊరినే దోచుకొంటాడన్న సంగతి రాయలసీమకు కొత్తది కాదు. కలెక్టరు థామస్ మన్రో వారి బలం అణచి, రైతుకూ సర్కారుకూ నేరుగా సంబంధం కల్పించాడు. అది ప్రజాపాలన కాదు, పరాయి పాలన. అయితే ఊరికొక దళం ఉన్నచోట ఏ పాలనా నిలవదన్న సత్యం అప్పుడే స్పష్టమైంది.

రెండు గట్లు, రెండు పాలనలు

1937 నాటికి మద్రాసు రాష్ట్రంలో ఎన్నికైన శాసనసభ, దానికి బాధ్యత వహించే మంత్రివర్గం ఏర్పడ్డాయి. ఓటుహక్కు కొందరికే ఉండేది; గవర్నరు అధికారాలు ఎక్కువే. అయినా రాజగోపాలాచారి మంత్రివర్గంలో యాకూబ్ హసన్ సేఠ్ వంటి ముస్లిం ప్రముఖుడు మంత్రిగా కూర్చొన్నాడు. ఆ మరుసటి ఏడు, 1938లో, ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప కృషితో చేనేత కార్మికుల సహకార సంఘం వెలసింది. నూలు ధర, బట్ట ధర వర్తకుని ఇష్టానికి వదలకుండా మగ్గం నేసేవారే సభ్యులై, తమలో నుంచి పాలకవర్గాన్ని ఎన్నుకొనే పద్ధతి అది. ప్రజాస్వామ్యమన్నది ఢిల్లీలోనో మద్రాసులోనో మాత్రమే ఉండేది కాదనీ, మగ్గం గుంత దగ్గర కూడా అలవరచుకోవలసిన నడవడి అనీ ఆ సంఘం చూపించింది.

నదికి ఆవల స్థితి వేరు. పదహారు జిల్లాలు, కోటి అరవై లక్షలకు పైగా జనాభా గల హైదరాబాదు సంస్థానంలో ప్రజలెన్నుకొన్న సభకు జవాబు చెప్పవలసిన ప్రభుత్వం లేదు. జనాభాలో ముస్లిములు సుమారు ఎనిమిదింట ఒక వంతు. పెద్ద ఉద్యోగాల్లో వారి వాటా చాలా ఎక్కువైనా, ఆ లాభం జాగీర్దారుల, అధికారుల కుటుంబాలకే దక్కింది. పల్లెల్లోని ముస్లిం రైతు, కూలీ, నేతగాడు తమ హిందూ పొరుగువారితో సమానంగానే దేశముఖుల వెట్టి భరించారు. బాధ్యతాయుత ప్రభుత్వం కోరిన స్టేట్ కాంగ్రెసును 1938లో పుట్టీ పుట్టకముందే నిషేధించారు. ఆ నిషేధం 1946 దాకా కొనసాగింది. న్యాయమైన కోరికకు చట్టబద్ధమైన తలుపు మూసిన పాలకులే తీవ్రవాదానికి దొడ్డిదారి తెరిచారన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

1927లో ఏర్పడిన మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ తొలిరోజుల్లో ముస్లిముల ఐక్యత, సంస్కరణ లక్ష్యాలుగా పెట్టుకొన్న సంస్థ. 1938లో నవాబ్ బహాదుర్ యార్ జంగ్ నాయకుడయ్యాక అది రాజకీయ శక్తి అయింది. రాజ్యాధికారం సంస్థానంలోని ముస్లిం సముదాయానిదనీ, నిజాం దానికి ప్రతీక మాత్రమేననీ ఒక వాదం ప్రచారంలోకి వచ్చింది. ఎనిమిదింట ఒక వంతు ప్రజలు తక్కిన ఏడు వంతుల మీద శాశ్వత ప్రభువులనే ఈ వాదంలోనే తర్వాతి అనర్థాలకు బీజం ఉంది. బహాదుర్ యార్ జంగ్ 1944లో మరణించాడు. 1946లో లాతూరు వకీలు ఖాసిం రజ్వీ అధ్యక్షుడయ్యాడు. స్వచ్ఛంద సేవకుడన్న అర్థం గల ‘రజాకార్’ అన్న మంచి మాట అతని చేతిలో పడి, నేటికీ తెలంగాణ పల్లెల్లో తిట్టుగా మిగిలిపోయింది.

ప్రభుత్వం మీద ప్రభుత్వం

దేశం 1947 ఆగస్టు 15న స్వతంత్రమైంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏ దేశంలోనూ చేరనన్నాడు. చర్చలు సాగి, ఒక ఏడాది పాటు పాత సంబంధాలను అలాగే కొనసాగించే యథాతథ ఒడంబడిక ముసాయిదా సిద్ధమైంది. నిజాం మంత్రిమండలి దానిని ఆమోదించింది. ప్రధాని ఛత్తారీ నవాబు, న్యాయసలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహమద్ ఢిల్లీకి బయలుదేరవలసిన అక్టోబరు 27 తెల్లవారుజామున వేలాది రజాకార్లు, వారి అనుయాయులు ఆ ముగ్గురి ఇళ్లను చుట్టుముట్టారు. ప్రయాణం ఆగిపోయింది. ఛత్తారీ రాజీనామా చేశాడు. కొత్త రాయబార బృందం, కొద్ది వారాలకే మీర్ లాయక్ అలీ ప్రధానిగా కొత్త మంత్రివర్గం వచ్చాయి.

సంస్థాన చరిత్రలో అసలైన మలుపు ఆ తెల్లవారుజామే. అక్కడ శాసనసభ లేకపోయినా, చర్చించి నిర్ణయించే ఒక మండలి ఉండేది. దాని నిర్ణయాన్ని వీధిలోని గుంపు రద్దు చేసింది. ఆనాటి నుంచి సంస్థానంలో రెండు ప్రభుత్వాలు నడిచాయి: ముద్రలు, కాగితాలు ఉన్నది ఒకటి, తుపాకులు, జండాలు ఉన్నది మరొకటి. విశేషమేమంటే, ఇంత గందరగోళం తర్వాత 1947 నవంబరు 29న సంతకమైన ఒడంబడిక ముఖ్యాంశాల్లో మొదటి ముసాయిదాకు భిన్నం కాదు. బెదిరింపుతో సాధించినది ఏమీ లేదు. పోగొట్టుకొన్నది మాత్రం రాజీకి సిద్ధమైన వివేకవంతులను.

1948 వేసవి నాటికి పరిస్థితి చేయిదాటింది. రజాకార్ల సంఖ్య లక్షల్లో ఉందని నాయకులు గొప్పలు చెప్పుకొన్నారు. వీరిలో ఎక్కువమంది సైనిక శిక్షణ లేని యువకులు. ఇతర రాష్ట్రాల అల్లర్లకు భయపడి హైదరాబాదులో తలదాచుకొన్న కాందిశీకులూ వారిలో ఉన్నారు. తెలంగాణలో కమ్యూనిస్టు దళాలను అణచే పేరిట పోలీసులతో కలిసి వీరు గ్రామాల మీద పడ్డారు. అనేకచోట్ల వీరిని వెంటబెట్టుకొని వచ్చినది తమ భూములు కాపాడుకోవాలనుకొన్న హిందూ దేశముఖులేనన్నది కూడా దాచరాని నిజం. ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో పదుల సంఖ్యలో గ్రామస్థులను చంపారు. సరిహద్దుకు ఇవతల నుంచి స్టేట్ కాంగ్రెసు శిబిరాల వారు కూడా ఆయుధాలతో దాడులు చేశారు. ఒకవైపు తుపాకి పేలితే రెండవవైపు తుపాకి మౌనంగా ఉండదు. నడుమ నలిగినది మాత్రం ఆయుధం లేనివాడే.

ఆదోనికి ఈ మంటల సెగ రైలు పట్టాల మీదుగా తగిలింది. మే 22న సంస్థాన భూభాగంలోని గంగాపూరు స్టేషనులో మద్రాసు–బొంబాయి మార్గపు మెయిలు బండి మీద దాడి జరిగింది. ఆదోని పత్తి వర్తకులు, కూలీలు, విద్యార్థులు ఎక్కి దిగే మార్గమది. భారత పార్లమెంటరీ వర్గాల్లోనూ పత్రికల్లోనూ ఆందోళన పెల్లుబికింది. సంస్థానం నుంచి ప్రాణభయంతో కుటుంబాలు చుట్టుపక్కల రాష్ట్రాలకు తరలిపోయాయి. ఒక గట్టున రగిలిన ద్వేషం రెండవ గట్టును అంటుకోవడానికి ఎంతోకాలం పట్టదన్న భయం ఆ వేసవిలో సరిహద్దు జిల్లాలన్నిటినీ ఆవరించింది.

కలం పట్టిన చేయి

రజాకార్ల హింసను హిందువుల మీద ముస్లిముల దాడిగా మాత్రమే చెప్పే చరిత్ర అసంపూర్ణం. దానిని ఎదిరించిన ముస్లిములు ఉన్నారు. వారిలో అగ్రగణ్యుడు షోయబుల్లా ఖాన్.

వరంగల్ జిల్లా మహబూబాబాద్ ప్రాంతంలో 1920లో జన్మించిన ఈ యువకుడు ఉస్మానియా పట్టభద్రుడు. పెద్ద ఉద్యోగం వెతుక్కోకుండా పత్రికారచనలోకి వచ్చాడు. పనిచేసిన ఉర్దూ పత్రికలు ప్రభుత్వ నిషేధాలకు గురయ్యాయి. మందుముల నరసింగరావు నడిపిన ‘రయ్యత్’ కూడా మూతపడ్డాక, 1947 నవంబరులో తన సొంత పత్రిక ‘ఇమ్రోజ్’ను ప్రారంభించాడు. భారత యూనియన్‌లో చేరడం, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం ఏర్పరచడం సంస్థాన ముస్లిములకే మేలని ఉర్దూలో, ముస్లిం పాఠకులకు, ముస్లిం సంపాదకుడు రాశాడు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్ సంస్థను రద్దు చేయాలనీ, భారతదేశంతో సామరస్యం కుదుర్చుకోవాలనీ కోరుతూ ప్రకటన చేయగా ‘ఇమ్రోజ్’ దానికి చోటిచ్చింది.

ఆగస్టు 21 రాత్రి కాచిగూడలోని కార్యాలయం నుంచి ఇంటికి వస్తున్న షోయబుల్లా ఖాన్‌ను సాయుధులు అటకాయించారు. తుపాకితో కాల్చారు. వ్యాసాలు రాసిన చేతిని నరికారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ చేయి కూడా తెగిపోయింది. తెల్లవారేలోగా షోయబుల్లా కన్నుమూశాడు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఈ హత్యలో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆయన దగ్గర దళం లేదు, కోట లేదు, పదవి లేదు. ఉన్నది ఒక చిన్న పత్రిక. ముస్లిములందరి తరఫున మాట్లాడుతున్నామని చెప్పుకొనే దళానికి, వేరే మాట పలికే ఒక్క ముస్లిం గొంతు ప్రాణాంతకంగా తోచింది. తీవ్రవాదం ఎక్కడ పుట్టినా మొదట తన ఇంటివారి నోరే నొక్కుతుంది. ఇంట్లో మాట మాట్లాడే స్వేచ్ఛ పోయాక, బయటి ప్రపంచానికి ఆ ఇంటి నుంచి వినిపించేది తుపాకి చప్పుడు ఒక్కటే. అప్పుడు ఆ ఇంటిలోని లక్షలాది మౌనులను కూడా లోకం ఆ చప్పుడుతోనే గుర్తుపెట్టుకొంటుంది.

మద్రాసు ముస్లిముల దారి

అదే 1948లో తుంగభద్రకు దక్షిణాన జరిగిన దానిని పోల్చి చూడాలి. 1946 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్ర ముస్లిములు ముస్లిం లీగుకు పెద్ద ఎత్తున ఓటు వేశారు. దేశ విభజన తర్వాత వారి మీద అనుమానపు నీడ పడింది. సంస్థను మూసివేయాలన్న ఒత్తిడీ వచ్చింది. 1948 మార్చి 10న ఎం. ముహమ్మద్ ఇస్మాయిల్ నాయకత్వాన నాయకులు మద్రాసులో సమావేశమై, భారత యూనియన్ ముస్లిం లీగుగా దేశ రాజ్యాంగానికి లోబడి పనిచేయాలని నిశ్చయించారు. రాజ్యాంగ పరిషత్తులో మద్రాసు ముస్లిం సభ్యులు ప్రత్యేక నియోజకవర్గాల కోసం గట్టిగా వాదించి ఓడిపోయారు. ఆ కోరిక సరైనదా కాదా అన్నది వేరే చర్చ. ఓడినా వారు సభను విడిచి ఆయుధం వైపు చూడలేదు. తర్వాతి ఎన్నికల్లో నిలబడి, గెలిచి, పార్లమెంటులో కూర్చొన్నారు.

ప్రజాస్వామ్యంలో అల్పసంఖ్యాకులకు అన్ని కోరికలూ నెరవేరతాయన్న హామీ లేదు. ఓడినవాడు మరునాడు మళ్లీ వాదించవచ్చునన్న హామీ ఉంది. ఆ హామీ బలవంతులకంటె బలహీనులకే ఎక్కువ అవసరం. ఖాసిం రజ్వీ దళం తన అనుచరుల నుంచి దూరం చేసినది సరిగ్గా ఈ హామీనే.

సెప్టెంబరు, ఆ తర్వాత

1948 సెప్టెంబరు 13న భారత సేనలు నాలుగు దిక్కుల నుంచి సంస్థానంలో ప్రవేశించాయి. తుంగభద్ర మీది ముఖ్యమైన వంతెనను గూర్ఖా దళం స్వాధీనపరచుకొంది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు సంస్థాన సేనాని ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ చౌదురికి లొంగిపోయాడు. ఢిల్లీ దాకా పోతామన్న ప్రగల్భాలు అయిదు రోజుల్లో ముగిశాయి. రజ్వీ అరెస్టయ్యాడు, 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లి, 1970లో అక్కడే చనిపోయాడు.

నాయకుడు వెళ్లిపోగలిగాడు, పల్లె ముస్లిం ఎక్కడికి పోగలడు? పోలీసు చర్య తర్వాత ప్రతీకార హింస చెలరేగింది. ప్రధాని నెహ్రూ పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలు 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో తొమ్మిది జిల్లాలు తిరిగి విచారించారు. పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నష్టం ఎక్కువ. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీలో పాలుపంచుకొన్నారనీ, అనేక చోట్ల సైనికాధికారులు ప్రజలను కాపాడారనీ వారు నమోదు చేశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు; 2013 నాటికి గాని పరిశోధకులకు అందుబాటులోకి రాలేదు.

ఈ రెండు హింసల్లో ఒకదానితో మరొకదాన్ని కప్పిపుచ్చరాదు. రజాకార్ల అకృత్యాలు ఆ తర్వాతి హత్యలకు సమర్థన కావు. ఆ హత్యలు రజాకార్ల అకృత్యాలను తుడిచివేయవు. చంపబడిన ముస్లిములలో అత్యధికులు ఏ దళంలోనూ చేరని సామాన్యులు. ప్రజాస్వామ్య ప్రభుత్వం తన నివేదికను తానే దాచుకోవడమూ ఒక లోపమే. గాయం గురించి బహిరంగంగా మాట్లాడనిచ్చినప్పుడే అది మానుతుంది.

ఆ నివేదికలోనే నాటి చీకటిలో వెలుగు చూపే ఒక సంగతి ఉంది. హిందువులు తమ ముస్లిం పొరుగువారిని ప్రాణాలకు తెగించి కాపాడిన సందర్భాలు ఆ కమిటీకి ఎన్నో కనిపించాయి. ఒకే వృత్తిలో ఉన్నవారి మధ్య ఈ సోదరభావం మరీ గాఢంగా ఉండేది. కొన్నిచోట్ల హిందూ నేతగాండ్రు అల్లరి మూకలకు ఎదురు నిలిచి ముస్లిం నేతగాండ్రను రక్షించారు. ఆ ప్రయత్నంలో కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకొన్నారు. ఎమ్మిగనూరు మగ్గాల చప్పుడు ఎరిగినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. పక్కపక్కన కూర్చొని ఒకే నూలుతో బతికేవారికి పొరుగువాడు ఎవరో ఏ నాయకుడూ చెప్పనక్కరలేదు. రజాకార్ల దళం కాపాడతానన్నవారిని కాపాడలేకపోయింది, ఇరుగుపొరుగు కాపాడింది.

ఇస్లామీయ చరిత్ర చెప్పేది

రజాకార్లు మతం పేరు వాడుకొన్నారు గనుక మతం ఏమంటున్నదో చూడవలసి ఉంది. ఇస్లాం తొలి శతాబ్దిలోనే రాజకీయ హింస ముస్లిం సమాజాన్ని చీల్చింది. హిజ్రీ 35లో తిరుగుబాటుదారులు మదీనాలో మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) ఇంటిని చుట్టుముట్టి, ఆయనను చంపారు. అయిదేళ్ల తర్వాత కూఫా మసీదులో నాల్గవ ఖలీఫా హజ్రత్ అలీ (రజి) మీద విషం పూసిన కత్తి దూసినవాడు ఖారిజీ తెగవాడు. ఖారిజీలు నమాజులో, ఉపవాసాల్లో ఎవరికీ తీసిపోనివారు. తమ అభిప్రాయం అంగీకరించని ముస్లిం ముస్లిమే కాడనడం, వాని ప్రాణం తీయడం ధర్మమనడం వారి దోషం. షోయబుల్లా ఖాన్‌ను చంపినవారి ఆలోచన దీనికి భిన్నమైనది కాదు.

సమాలోచన, అంటే షూరా, ముస్లిముల వ్యవహారాలకు పునాదిగా దివ్యఖుర్ఆన్ బోధించింది. ఒడంబడికలను పాటించడం విశ్వాస లక్షణమని చెప్పింది. జాతి దురభిమానాన్ని, అంటే అన్యాయమని తెలిసీ తనవారి పక్షం నిలవడాన్ని, మహాప్రవక్త ముహమ్మద్ (స) ఖండించారు. తొలి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) సిరియాకు సేనను పంపుతూ స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదని శాసించారు. యుద్ధ నిర్ణయం బాధ్యత గల ప్రభుత్వానిదే తప్ప వీధిదళాలది కాదని ధర్మవేత్తలు వివరించారు. ఈ గీటురాయి మీద పెట్టి చూస్తే సమాలోచన మండలిని బెదిరించడం, రైలు ప్రయాణికుల మీద దాడి, గ్రామాల దహనం ఏవీ నిలవవు.

గట్లు కలిసిన తర్వాత

హైదరాబాదు ప్రజలు 1952లో వయోజన ఓటుహక్కుతో తమ శాసనసభను ఎన్నుకొన్నారు. బూర్గుల రామకృష్ణారావు తొలి ఎన్నికైన ముఖ్యమంత్రి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరాయి. 1956లో సంస్థానం భాషల వారీగా విడిపోయి, రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. మజ్లిస్ కూడా 1958 నాటికి అబ్దుల్ వాహిద్ ఒవైసీ నాయకత్వాన భారత రాజ్యాంగానికి లోబడిన పార్టీగా పునరుద్ధరింపబడి ఎన్నికల బాట పట్టింది. పదేళ్ల క్రితం షోయబుల్లా ఖాన్ చూపిన మార్గం అదే. అప్పుడే ఆ మాట విని ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవో!

ఈ పాఠం ముస్లిములకు మాత్రమే పరిమితం కాదు. రాయలసీమలో గత శతాబ్ది ఉత్తరార్ధంలో ముఠా కక్షలు ఊళ్లను చీల్చి, నాటుబాంబుల భయంతో ఓటరును పోలింగ్ కేంద్రానికి దూరం చేశాయి. పాళెగాని బంటు, రజాకార్ల యువకుడు, ముఠా నాయకుని అనుచరుడు, మతం పేరిట వీధిలోకి దిగే నేటి ఏ గుంపువాడైనా వేషం వేరు, పని ఒకటే. తమవారిని కాపాడతామని బయలుదేరుతారు. మొదట తమలోని విమర్శకుని నోరు మూయిస్తారు. తర్వాత ఎన్నికైన సభ చేయవలసిన నిర్ణయాన్ని తామే చేస్తారు. చివరికి వారు తప్పుకొంటారు. శిక్ష వారి పేరు మోసిన సామాన్యుల మీద పడుతుంది.

కనుక ప్రజాస్వామ్య రక్షణలో ముస్లిం సమాజం చేయవలసిన మొదటి పని తన ఇంటిలోనే ఉంది. తనలో భిన్నంగా మాట్లాడేవారికి చోటివ్వడం, బెదిరింపు ఎవరి పేరిట వచ్చినా ఖండించడం, అన్యాయం జరిగినప్పుడు న్యాయస్థానం, పత్రిక, ఓటు అనే సాధనాలను విసుగు చెందకుండా వాడుకోవడం, పొరుగువారితో పనిలోనూ కష్టంలోనూ కలిసి ఉండడం ఆ పనిలోని భాగాలే. ఆదోని జామియా మసీదు మూడు శతాబ్దాలకు పైగా నిలిచి ఉంది. దాని చుట్టూ ఎన్నో సేనలు వచ్చాయి, పోయాయి. అక్కడ నేటికీ అజాన్ వినిపిస్తున్నదంటే, అందుకు కారణం ఆ సేనలు కావు. తరతరాలుగా ఇరుగుపొరుగుతో కలిసి బతికిన సామాన్య జనం.